నాలుగు వేళ్ళ తోలు

మొన్న కదిరి బస్టాండులో ముదిగుబ్బ బస్సు కోసం కూర్చుని ఉన్నాను. పక్కన గొడుగు కింద చెప్పులు, బ్యాగులు బాగుచేసే ఒకాయన పని చేసుకుంటున్నాడు. ఒక పడుచు పిల్లోడు వచ్చి నడుముకున్న బెల్టు విప్పి ఇచ్చాడు. జ్వరమొచ్చి చిక్కిపోయాడట, బెల్టు నిలవడం లేదట. బాగుచేసే ఆయన ఒక నిమిషం కూడా ఆలోచించలేదు. చేతి మిషను తీసి టక్కుటక్కుమని మూడు బెజ్జాలు కొట్టి ఇచ్చేశాడు. పిల్లోడు కట్టుకుంటే మిగిలిన తోక మేక చెవి మాదిరి వేలాడింది.

నా నోరు ఊరుకోదు.

"అట్ల కాదప్పా. బకల్ ఉండే పక్క విప్పి, ఆ పక్కన కోసి, మళ్ళా కుట్టాల. తోక పక్క ముట్టుకోనే రాదు."

ఆయన తలెత్తి చూశాడు. "నీకేం తెలుసవ్వా?"

"నేను చేసిన పనే గదా."

"ఆడమనిషివి, తోలు కుట్టినావా?"

"నీ వయసుకు నేను కుట్టిన చెప్పులు వరసగా పెడితే ఈ బస్టాండు చాలదులే."

పిల్లోడు నవ్వాడు. బాగుచేసే ఆయనకు కోపమొచ్చింది. తోలుకు బెజ్జం పొడిచే ఆరె నా వైపు చాపి, "అయితే కూచో, కుట్టియ్యి" అన్నాడు. ఇంతలో బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను గానీ ఊరు చేరేదాకా నా బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి రుద్దుకుంటూనే ఉన్నాయి, మైనం అంటుకున్నట్టు.

నాకు అక్షరాలు తల నెరిశాక వచ్చాయి. వంపులు తిప్పి రాయడం చేతకాదు. నా చిన్నతనంలో ఒక బెల్టును చిన్నది చేశాను. దాని సంగతి నా నోటితో ఎవరికీ చెప్పలేదు. జరిగింది జరిగినట్టు ఇప్పుడు చెప్తాను.

మాది తోలు పని చేసే ఇల్లు. ఇంటి వెనక తోళ్ళు నానేసే తొట్టి ఉండేది. తంగేడు చెక్క దంచి నీళ్ళలో వేసి, అందులో తోలు ఊరబెట్టేవాళ్ళు. ఆ వాసన ఊరివాళ్ళకు కంపు. మా వీధి దాటాలంటే ముక్కు మూసుకుని పోయేవాళ్ళు. నాకు మాత్రం అది ఇల్లు వాసన. ఈ పొద్దుకీ ఎండలో తంగేడు చెట్టు పక్కన నడిస్తే నాకు ఆకలేస్తుంది, ఏం చేసేది. తొట్టి పక్కనే మా పొయ్యి ఉండేది మరి.

అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. పక్కింటి పిన్నమ్మే నాకు పేలు చూసింది, సంగటి కెలకడం నేర్పింది. ఆమె ఊరుబిండి నూరితే రోలు నాకడానికి నేను, ఆమె కూతురు కొట్టుకునేవాళ్ళం. కాల్చిన శెనక్కాయలు, ఎండుమిరపకాయ, ఇంత చింతపండు, అంతే ఆ ఊరుబిండి. ఇప్పుడు మిక్సీలో వేస్తారు. పిన్నమ్మ చూస్తే ఆ మిక్సీని తొట్టిలో పారేసి ఉండేది.

మా నాయన చేతిపని ఆ చుట్టుపక్కల ఊర్లకంతా తెలుసు. కమతగాళ్ళకు చెప్పులు, బావుల్లో నీళ్ళు తోడే తోలు బాన, ఎద్దులకు మెడపట్టీలు, అన్నీ నాయన కుట్టినవే. ఏడాదికొకసారి కల్లంలో ఆ పనికి గింజలు ఇచ్చేవాళ్ళు. ఆ గింజలే మా బతుకు.

నాకు పది పదకొండేళ్ళప్పుడు నాయన కండ్లకు పొర కమ్మింది. మొదట దారం సూదిలోకి ఎక్కలేదు. "దారం మంచిది కాదు" అన్నాడు. తర్వాత ఆరె బొటనవేలిలోకి దిగింది. "ఆరె అరిగింది" అన్నాడు. ఒకరోజు నా ముఖం పట్టుకుని వేళ్ళతో తడిమి, "పాపా, నువ్వు నవ్వుతాండావా, ఏడుస్తాండావా?" అని అడిగాడు. అప్పుడు నాకు అర్థమైంది.

ఊరికి తెలిస్తే తనకల్లు పక్కనుంచి ఇంకొక కుటుంబాన్ని పిలిపించుకుంటారు. కల్లంలో గింజలు వాళ్ళకు పోతాయి. నాయన భయమంతా అదే. పోనీ నన్ను కుట్టమనడానికి మా ఇండ్లల్లో ఆడవాళ్ళు ఆరె పట్టరాదు. తంగేడు చెక్క దంచేది, తొట్టికి నీళ్ళు మోసేది ఆడవాళ్ళు. ఆరె, తోలు కోసే కత్తి మగవాళ్ళవి. పండగనాడు వాటికి పసుపు కుంకుమ పెట్టేటప్పుడు కూడా నన్ను అంతదూరం నిలబెట్టేవాళ్ళు.

అయినా ఆకలి ముందర ఆచారం ఎంతసేపు నిలుస్తుంది. నాయన తలుపు దగ్గరికి వేసి, నన్ను లోపల కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి ఆరె చేతికిచ్చాడు. తాను గుమ్మం బయట అరుగు మీద కూర్చునేవాడు. ఒడిలో ఏదో ఒక పాత చెప్పు. చేతిలో సుత్తి. దారినపోయేవాళ్ళకు వినపడేలా రాయి మీద కొడుతూ ఉండేవాడు. లోపల నేను కుట్టేదాన్ని. సందేహమొస్తే గోడ మీద గోటితో గీకేదాన్ని. ఆయన దగ్గుతూ లోపలికి వచ్చి, కుట్టు మీద వేలు పోనిచ్చి, "ఈడ బిగువు లేదు, విప్పు" అనేవాడు. కండ్లున్నప్పుడు చూసినదానికంటే ఎక్కువ తప్పులు పట్టేవాడు.

నేనేమీ బుద్ధిమంతురాలిని కాదు. మైనం ముద్దలో సగం నమిలేసేదాన్ని. ఊళ్ళో నన్ను వెక్కిరించే పిల్లోడి చెప్పు బాగుకొస్తే, మడమ దగ్గర ఒక కుట్టు కావాలని పైకి వదిలేసేదాన్ని, నడిచినప్పుడల్లా గుచ్చుకునేలా. వాడు వారం రోజులు కుంటితే నాకు కడుపు నిండేది.

అట్లా ఏడాది గడిచింది. ఊరికి తెలియదనే అనుకున్నాం.

ఆ ఎండాకాలం పంచాయితీ ఓట్లు వచ్చాయి. రెండు పక్కలు నిలబడ్డాయి. ఒకాయన ఊరికి పెద్దాయన. ఎన్నో ఏళ్ళుగా ప్రెసిడెంటు ఆయనే. తెల్ల పంచె, దాని మీద వెడల్పాటి తోలు బెల్టు, అదే ఆయన గుర్తు. రెండో పక్క నిలబడినాయన నోరున్న మనిషి, ఆఫీసుల్లో కూర్చుని పని చేయించుకొచ్చేరకం. పెద్దాయనకు రోగమొచ్చిందని, ఎక్కువ దినాలు బతకడని ఆ పక్కవాళ్ళు ఊరంతా చెప్తున్నారు. ఈ పక్కవాళ్ళు అదంతా అబద్ధమంటున్నారు.

ఒక మిట్టమధ్యాహ్నం, కుక్కలు కూడా నీడలు వదలని వేళ, పెద్దాయన ఒక్కడే మా వీధికి నడిచి వచ్చాడు. అంతకుముందు ఆయన ఆ వీధిలో అడుగు పెట్టింది ఎవరూ చూడలేదు. నేను తలుపు సందులోనుంచి చూస్తున్నాను. టవలులో చుట్టిన బెల్టు తీసి అరుగు మీద పెట్టాడు.

"ఏమ్రా, బాగుండావా?"

"బాగుండాను సామీ. మీరు ఇంత దూరం… కబురు చేస్తే నేనే వస్తును గదా."

"కబురు చేసేదయితే నేనెందుకు వస్తా. ఇది వదులయింది. చిన్నది చెయ్యల్ల. బెజ్జాలు కొట్టొద్దు. తోక పొడుగు కనపడకూడదు. ఇంతకుముందు ఏ బెజ్జానికి పెట్టుకొంటాంటినో ఆ బెజ్జానికే రావల్ల. చిన్నది చేసినట్టు దేవుడికి కూడా తెలీకూడదు."

"ఎంత తియ్యాల సామీ?"

ఆయన చెయ్యి చాపాడు. "ఇదో, నాలుగు వేళ్ళు."

నాయన తల ఊపాడు. ఆ చెయ్యి ఆయనకు కనపడలేదు. మాట మాత్రమే వినపడింది. చెయ్యి చాపింది తెలిసింది గానీ, ఆయన భుజం అడ్డమై ఆ వేళ్ళు నాకూ కనపడలేదు.

పెద్దాయన పోయాక నాయన బెల్టును ఒళ్ళో పెట్టుకుని ఈ చివరనుంచి ఆ చివరదాకా తడిమాడు. రెండు పొరల తోలు, అంచుల వెంబడి రెండు వరసల కుట్టు. ఎన్నో ఏళ్ళు పెట్టుకున్న బెజ్జం దగ్గర తోలు మడత పడి, నున్నగా నల్లబడింది.

"ఇది మనిషి నడుము చెప్పే గుర్తు పాపా. కొత్త బెజ్జం కొడితే ఈ గుర్తు తోక మీదకు పోతాది. చూసేవాడికి తెలుస్తాది, ఈ మనిషి ఇంత చిక్కినాడని. బకల్ పక్కన కోస్తే ఈ గుర్తు యాడిది ఆడే ఉంటాది."

కత్తి మొనతో బకల్ దగ్గరి కుట్లు ఒక్కొక్కటే తెంపాను. మడత విప్పాను. ఎన్నేళ్ళ చెమటో, ఉప్పు పొడి రాలింది. బకల్ బయటికి వచ్చింది.

"ఎవరి నాలుగు వేళ్ళు నాయనా?"

"ఎవరివేంది? పనోడి చెయ్యే కొలత. మా తాత కాలం నుండి అంతే."

ఆయన నాలుగు వేళ్ళు తోలు మీద ఆనించాడు. ఆ అంచున నేను గీత గీశాను. కోశాను. రెండు వరసల కుట్టూ తెగింది కాబట్టి మూడేసి కుట్లు వెనక్కి విప్పి, దారం కొసలు రెండు పొరల మధ్య ముడేసి దాచాను. అట్లా చెయ్యకపోతే ఆరునెలల్లో బెల్టంతా విచ్చుకుపోతుంది. మడత వచ్చేచోట లోపలి తోలు పలచగా చెక్కాను. బకల్ ముల్లుకు పొడుగు బెజ్జం తీశాను. తడిపి, మడిచి, సుత్తితో అణిచాను. మైనం పట్టించిన దారానికి రెండు కొసలా రెండు సూదులు. ఒకే బెజ్జంలో ఈ పక్కనుంచి ఒకటి, ఆ పక్కనుంచి ఒకటి. పాత కుట్టు ఎంత ఎడం ఉందో అంతే ఎడం. చివరికి ఆముదంలో దీపం మసి కలిపి కొత్త దారానికి రుద్దాను. నాయన వేలు పోనిచ్చి చూశాడు. "నాకంటే సన్నంగా కుట్టినావు" అన్నాడు. పొగిడాడో, భయపడ్డాడో నాకు తెలియలేదు.

మరుసటిరోజు అదే వేళకు పెద్దాయన వచ్చాడు. కట్టుకున్నాడు. పాత బెజ్జానికి అందలేదు. తోక కొస వైపు ఇంకొక బెజ్జానికి పెట్టుకుంటే గానీ బెల్టు పట్టలేదు. నున్నబడిన పాత గుర్తు బకల్‌కు ఇవతల కనపడుతూ ఉంది.

"ఏమ్రా, నాలుగు వేళ్ళంటే ఐదు వేళ్ళు కోసినావే?"

"లేదు సామీ, నాలుగే. ఇదో నా చెయ్యి." నాయన చెయ్యి చాపాడు.

పెద్దాయన తన చెయ్యి దాని పక్కన, తాకకుండా పెట్టాడు. ఈసారి నాకు కనపడింది. నాయన వేళ్ళు చిలగడదుంపలు. ఆయనవి ఎండిన కందికట్టెలు. ఆ వేళ్ళు నాలుగు కలిపినా నాయనవి మూడు కావు.

"చూసినావా?"

నాయన చూడలేదు. చెయ్యి ఒక పక్కకు, ముఖం ఇంకొక పక్కకు ఉన్నాయి.

పెద్దాయన ఒక అడుగు పక్కకు జరిగాడు. నాయన ముఖం ఆయనతోపాటు తిరగలేదు. ఆయనకు తెలిసిపోయింది.

"నీకు కండ్లు లేవు గదరా."

నాయన సుత్తి కింద పెట్టాడు.

"మరి ఈ కుట్టెవరిది?"

నేను తలుపు తీసుకుని బయటికి వచ్చాను. ఆరె చేతిలోనే ఉంది. "నాది."

కొడతాడనుకున్నాను. ఆయన అరుగు చివర కూర్చున్నాడు. మా అరుగు మీద. ఆయాసం తీర్చుకోవడానికి చాలాసేపు పట్టింది.

"నాకు తిన్నది నిలవడం లేదు రా. డాక్టరు చెప్పాల్సింది చెప్పేసినాడు. ఓట్లు అయ్యేదాకా నువ్వు నా మాట ఎత్తొద్దు. నేను నీ మాట ఎత్తను."

"అట్లే సామీ."

"ఓట్లు అయినాక?" అన్నాను నేను. నోరు అప్పటినుంచే ఇంత.

"నోరు ముయ్యి పాపా," అన్నాడు నాయన. పెద్దాయన నా వైపు చూశాడు. తప్పుగా కోసిన బెల్టు అట్లానే కట్టుకుని పోయాడు.

ఆ తప్పే ఆయన్ని గెలిపించింది.

నామినేషను నాడు పెద్దాయన ఊరి నడుమ బండి మీద నిలబడ్డాడు. పంచెలోకి దోపిన జుబ్బా కింద ఇంకో రెండు చొక్కాలు తొడిగారని నాకు తర్వాత తెలిసింది. గొర్రెల తాత ఒకాయన ఉండేవాడు. గొర్రె వీపు మీద చెయ్యి వేసి ఎంత కండ ఉందో చెప్పగలడు. సంతలో ఆయన మాటకు తిరుగులేదు. ఆ తాత బండి దగ్గరికి పోయి, పెద్దాయన నడుముకేసి చూసి, అందరికీ వినపడేలా అన్నాడు.

"రోగమంట రోగం. ఆ బెల్టు చూడండ్రా. పాత బెజ్జం ఇవతలికి వచ్చేసింది. ఆయప్ప ఒక బెజ్జం లావయినాడు. సచ్చేటోడు లావయితాడా?"

జనం నవ్వారు. పిన్నమ్మ కూడా నవ్వింది. "ఇంట్లో బాగా పెడతాండారులే" అంది నాతో. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే నాకు గర్వంగానే ఉండింది. ఊరు ఊరంతా నేను కుట్టిన తోలును చూస్తూ ఉంది.

పెద్దాయన గెలిచాడు. నాలుగో దినం మా గుమ్మంలో రాగుల మూట దిగింది. ఎవరు పంపారో తెచ్చినవాడు చెప్పలేదు. మేము అడగలేదు. సంగటి కెలుక్కుని తిన్నాం.

ఆ ఏడు వానలు రాలేదు. ఒక పదును వాన పడిందని శెనక్కాయ విత్తారు. మొలక లేచింది, అట్లానే మాడింది. పశువులకు ఎండు రెల్లు కూడా లేదు. కరువు పనులు వస్తే రోడ్డుకు మట్టి మోసుకుని బతకొచ్చని అందరూ ఎదురుచూశారు. ఆ పనులు ఊరికే రావు. ప్రెసిడెంటు తాలూకా ఆఫీసుకు పోయి కూర్చోవాలి, అడగాలి, పోట్లాడాలి. మా ప్రెసిడెంటు మంచం దిగలేదు. ఎవరన్నా పోతే, "సామి నిద్రపోతాండాడు" అని ఇంటివాళ్ళు గడపలోనుంచే పంపేసేవాళ్ళు. మాకు రావాల్సిన పని పక్కూరికి పోయింది. పెద్దాయన దసరాకు ముందే పోయాడు. కొత్త ప్రెసిడెంటు వచ్చి అడగడానికి అప్పటికి ఆలస్యమైంది.

ఊరు ఖాళీ అవుతూ వచ్చింది. బెంగళూరు పక్కన ఇటుకల బట్టీలకు లారీలో మనుషుల్ని ఎక్కించుకుని పోయేవాళ్ళు. ఒక పొద్దున పిన్నమ్మ కూడా మూట కట్టింది. మొగుడు, కూతురు, రెండు గిన్నెలు. లారీ వీధి మొదట్లో నిలబడి ఉంది. ఎక్కేవాళ్ళు, చూసేవాళ్ళు కలిసి ఊరు సగం ఆడనే ఉంది.

నాయన నా భుజం పట్టుకుని, "నన్ను ఆడికి తీసకపో" అన్నాడు. అప్పటిదాకా బయట నా భుజం ఎప్పుడూ పట్టుకోలేదు. గోడలు, చెట్లు గుర్తుపెట్టుకుని ఒక్కడే నడిచేవాడు. అందరి ముందరికీ వచ్చి నిలబడ్డాడు.

"అప్పా, నాకు కండ్లు లేవు. ఏడాది దాటింది. మీ చెప్పులు కుట్టేది నా బిడ్డ. ఆ మాట మీకు తెలుస్తాదని భయపడి ఇంకొక మాట దాచినా. పెద్దాయన బెల్టు చిన్నది చేసింది మేమే. ఆయప్ప లావు కాలేదు. మేము కోత తప్పినాం. ఆయప్ప బతకడని ఓట్లకు ముందే మాకు తెలుసు."

లారీ డ్రైవరు హారను కొట్టడం ఆపాడు.

గొర్రెల తాత ముందుకు వచ్చాడు. తిడతాడనుకున్నాను. చాలా మెల్లగా మాట్లాడాడు.

"నీ కండ్ల సంగతి ఎప్పుడో తెలుసప్పా మాకు. సుత్తి రాయి మీద పడే సద్దు వేరే, తోలు మీద పడే సద్దు వేరే. నా చెప్పు కుట్టు సన్నమయి ఏడాదాయె. పిల్ల చెయ్యని నా కాలికి తెలీదా? ఊర్లో అందరికీ తెలుసు. పైకి అంటే మీ పొయ్యి ఆరిపోతాదని ఎవురూ అనలా." తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "మాకు తెలీంది ఆయప్ప కడుపు సంగతి ఒకటే. అది నీ దగ్గర ఉండింది. చెప్పకపోతివి. నేను ఆ బెల్టు చూసి ఊరంతటికీ చాటితిని."

నాయన నా భుజం మీద చెయ్యి బిగించాడు. నొప్పి పుట్టింది, కానీ కదల్లేదు.

పిన్నమ్మ అప్పటికే లారీ ఎక్కింది. ఆమె ఏమంటుందోనని నేను అటే చూస్తున్నాను. లారీ పక్క చెక్క మీదనుంచి కిందికి వంగింది.

"పాపా, నా పొయ్యి మీద కొర్రన్నం ఉండాది. మీకని ఇంత ఎక్కువ పెట్టినా. నాయనకు పెట్టి నువ్వు తిను. గిన్నె తోమి బోర్లించు."

అంతే. లారీ కదిలింది.

వాళ్ళు మళ్ళీ రాలేదు. పిన్నమ్మ ఆ బట్టీల దగ్గరే పోయిందని రెండేళ్ళకు ఎవరో చెప్పారు. ఆ తర్వాత నేను బయట అరుగు మీద కూర్చునే కుట్టాను, పెళ్ళయ్యాక కూడా. మా బంధువుల్లో కొందరు గొణిగారు, మానుకున్నారు. నాయన మళ్ళీ సుత్తి పట్టలేదు. ఈ ముసల్దాని నోరు మంచిది కాదని మా కోడళ్ళు, బస్టాండులో వాళ్ళు అంటూ ఉంటారు. అననీ.

లారీ పోయిన ఆ పొద్దున పిన్నమ్మ ఇంట్లోకి పోయాం. పొయ్యిలో నిప్పు ఇంకా ఉంది, అన్నం వేడిగా ఉంది. నాయన ముద్ద చేతిలో పట్టుకుని అట్లానే కూర్చున్నాడు. నోటిదాకా తీసుకుపోలేకపోయాడు. నేను తిన్నాను. చాలక రెండోసారి కూడా పెట్టుకుని తిన్నాను. ఆ మాట దాస్తే ఇంత రాసీ లాభం లేదు.